ప్రసంగపీఠమున నవీన దైవశాస్త్రజ్ఞులు

ఆదివారము ప్రాతఃకాలమున నొక కతోలిక దేవాలయమునందు పూజ జరుగుచున్నదని భావింపుడు. సువిశేషపఠనము ముగిసినది. గురువు ప్రసంగపీఠముకడ నిలిచి, చదువబడిన వాక్యములను వివరించుచు, నడుమ ఆంటొనీ డిమెల్లో వ్రాసిన చిన్నకథ నొకదానిని చెప్పెను. పిల్లలు నవ్విరి, పెద్దలు తలయూచిరి. ఇంటికి పోవుచు నొక గృహస్థు తన భార్యతో, "ఈ డిమెల్లోను రోమువారు 1998 లోనే తప్పుపట్టిరి గదా! మన గురువుగారి విశ్వాసము సరియైనదేనా?" యనెను. వెనుక నడచుచున్న యువకుడొకడు దానిని విని, "నేడు తప్పుపట్టబడినవారే రేపు పునీతులగుదురు. అక్వినాసును తప్పుపట్టలేదా? న్యూమనును తప్పుపట్టలేదా?" యని బదులు చెప్పెను.

ఈ సంభాషణము మేము కల్పించినదే యైనను, ఇట్టివి లోకమున జరుగుచునే యున్నవి. ఇందు విశేష మేమనగా, ఆ యిద్దరిలో నెవ్వరును గురువు చెప్పిన కథలో నేమున్నదో విచారింపలేదు. ఒకరు పేరు విని భయపడిరి. మరియొకరు పేరు విని సంతోషించిరి. ఒక పండితుని విశ్వాసశుద్ధిని నిర్ణయించుట యెట్లు, ఎవరు నిర్ణయింపవలెను, ఏ పద్ధతిని నిర్ణయింపవలెను అను ప్రశ్నలకు కతోలిక శ్రీసభ చరిత్రమున గొప్ప పాఠములు గలవు. మే మా మతమునకు చెందినవారమా కామా యనునది యిచట నప్రస్తుతము. వెలివేయుట యన నేమో, ఆ మాట యొక యింటిమీద పడినప్పుడు ఆ యింటివా రెంత బాధపడుదురో మన దేశమున సంస్కారాభిలాషులైన వారెల్లరు నెరుగుదురు. కావున నీ చరిత్రము మనకు పరాయిది కాదు.

మొదట కొన్ని మాటల యర్థమును నిర్ణయించుకొందము. శ్రీసభ ధర్మశాస్త్రమున 1983వ సంవత్సరపు సంపుటి నేడు ప్రమాణము. దాని 751వ సూత్రము ప్రకారము పాషండమనగా, జ్ఞానస్నానము పొందినవాడు, దైవమువలన తెలుపబడినదని విశ్వసింపవలసిన సత్యమును, పట్టుదలతో నిరాకరించుట, లేక పట్టుదలతో సందేహించుట. ఈ లక్షణమున మూడంశములను గుర్తింపవలెను. నిరాకరింపబడినది విశ్వాసమునకు మూలమైన సత్యమై యుండవలెను. ఏదో యొక యాచారమో, ఒక పండితుల గుంపునకు ప్రియమైన యభిప్రాయమో యైన చాలదు. నిరాకరణము స్పష్టముగా నుండవలెను. తప్పును తెలిపినపిదపను వాడు మొండిపట్టు పట్టవలెను. ఈ మూడును కూడినగాని ఆ పెద్దమాట చెల్లదు.

అంతకు తక్కువైన దోషములకు వేరు పేర్లు గలవు. పూర్వపు పండితులు దీనికొక మెట్లవరుసను కల్పించిరి. ఒక వాక్యము పాషండము కావచ్చును, పాషండమునకు సమీపము కావచ్చును, కేవలము పొరపాటు కావచ్చును, సాహసోక్తి కావచ్చును, వినుటకు బాగుండనిది కావచ్చును, భక్తుల చెవులకు నొప్పి కలిగించునది మాత్రమే కావచ్చును. మన న్యాయస్థానములలో హత్యకును, దొంగతనమునకును, వీధిలో కేకలు వేయుటకును వేర్వేరు శిక్షలున్నట్లే యిదియును. ఈ వరుస నెరుగనివారు ప్రతి దోషమును మొదటి మెట్టుమీదికే యెక్కింతురు. ఇట్లు మెట్లను కలిపివేయుటవలన కలిగిన చిక్కులు మాటిమాటికి చరిత్రమున కనబడుచున్నవి.

ఇక చరిత్రమునకు వత్తము. తోమాసు అక్వినాసు 1274వ సంవత్సరము మార్చి 7వ తేదీన మృతినొందెను. సరిగా మూడు సంవత్సరముల తరువాత, 1277 మార్చి 7వ తేదీన, ప్యారిసు పీఠాధిపతియైన ఎతియెన్ తాంపియే 219 వాక్యములను నిషేధించెను. అరిస్టాటిలు తత్త్వశాస్త్రమును మితిమీరి నమ్మిన విద్యాపీఠపు పండితులే దీనికి ముఖ్యముగా గురియైనను, అందు కొన్ని వాక్యములు అక్వినాసు బోధించినవానికి మిక్కిలి దగ్గరగా నుండెను. పిమ్మట 1323లో ఆయన పునీతుడుగా ప్రకటింపబడెను. 1325లో ప్యారిసు పీఠాధిపతియే, అక్వినాసునకు సంబంధించినంతవరకు ఆ నిషేధమును తొలగించెను. 1567లో ఆయన శ్రీసభ పండితులలో నొకడుగా నెన్నబడెను. 1879లో పదమూడవ లియో పోపు ఆయన మార్గమునే విద్యాలయములకు ఆదర్శముగా విధించెను. మన యువకు డీ కథనే చెప్పబోయెను. కాని యతడు గమనింపవలసిన దొకటి గలదు. 1325లో తొలగింపబడినది 219 వాక్యముల నిషేధ మంతయు కాదు, ఆయనకు తగులునంత భాగమే. అనగా వాక్యములు వేరు, మనుష్యుడు వేరు అను వివేకము నాటికే కలదు.

ఈ భేదము పదునేడవ శతాబ్దమున నింకను తీవ్రమైన వివాదమునకు కారణమయ్యెను. ఈప్ర నగర పీఠాధిపతియైన జాన్సెనియసు 1638లో మృతినొందెను. ఆయన వ్రాసిన పెద్దగ్రంథము 1640లో నచ్చుపడెను. పదవ ఇన్నొసెంటు పోపు 1653లో అయిదు వాక్యములను ఖండించెను. అప్పుడు ఆంత్వాన్ ఆర్నో మొదలగు ఫ్రెంచి పండితులు, "ఆ యైదు వాక్యములు తప్పేయని మేమును ఒప్పుకొందుము, కాని ఆ యర్థముతో నవి జాన్సెనియసు గ్రంథములో లేవు" అని వాదించిరి. ఒక మాట తప్పా ఒప్పా యనునది ధర్మవిషయము. ఆ మాటను ఫలానివాడు అనెనా లేదా యనునది వాస్తవవిషయము. ఏడవ అలెగ్జాండరు పోపు 1656లో, అవి యా గ్రంథములోనివే, గ్రంథకర్త యుద్దేశించిన యర్థముతోనే ఖండింపబడినవి అని ప్రకటించెను. అయినను వివాదము చల్లారలేదు. 1713లో కెనెల్ గ్రంథమునుండి తీసిన 101 వాక్యములను, ఏ వాక్యమున కే దోషమో విడదీసి చెప్పక, ఒక్క కుప్పగా నిషేధించినప్పుడు ఫ్రాన్సు దేశమంతయు మరల కలతచెందెను. మూటగట్టి చెప్పిన తీర్పు శాంతిని తేదు. ఏ మాట యే యర్థమున తప్పో విప్పి చెప్పినగాని వినువాని మనస్సు కుదుటపడదు.

జాన్ హెన్రీ న్యూమన్ చరిత్రము మరియొక విధమైనది. ఆంగ్లేయ సభయందు పేరుపొందిన యీ పండితుడు 1845లో కతోలిక శ్రీసభలో చేరెను. 1859లో ఒక పత్రికయందు, విశ్వాస విషయములలో సామాన్యభక్తుల యభిప్రాయమును గూడ తెలిసికొనుట తగునని యొక వ్యాసము ప్రకటించెను. నాల్గవ శతాబ్దమున ఏరియసు మతము ప్రబలినప్పుడు పీఠాధిపతులలో ననేకులు తడబడిరనియు, సామాన్యజనమే నిజవిశ్వాసమును నిలువబెట్టెననియు ఆయన చూపెను. న్యూపోర్టు పీఠాధిపతి యీ వ్యాసముపై రోమునకు ఫిర్యాదు పంపెను. ఆ పిమ్మట చాలకాలము న్యూమను పేరు రోములో ననుమానముతో నుచ్చరింపబడెను. 1879లో పదమూడవ లియో పోపు ఆయనకు కార్డినలు పదవి నిచ్చినగాని ఆ మబ్బు విడిపోలేదు. 2019లో ఆయన పునీతుడుగాను, 2025లో శ్రీసభ పండితుడుగాను ప్రకటింపబడెను. ఇరువది సంవత్సరములు ఒకని తలమీద తీర్పులేని ఫిర్యాదు వ్రేలాడుచుండుట యెంత బాధాకరమో చదువరులే యూహింపవచ్చును. తీర్పు చెప్పినచో సమాధానము చెప్పవచ్చును. అనుమానమునకు సమాధానము చెప్పుట కెవ్వరి తరమును కాదు.

ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున నీ యనుమానము ఒక వ్యవస్థగా మారెను. పదవ పయసు పోపు 1907 జూలైలో 65 వాక్యములను ఖండించు శాసనమును, సెప్టెంబరులో నవీనవాదమును ఖండించు లేఖను ప్రకటించెను. ప్రతి మేత్రాసనమునందును గ్రంథములను, బోధలను కనిపెట్టుటకు సంఘము లేర్పడవలెనని యా లేఖ విధించెను. 1910లో గురువులును, బోధకులును చేయవలసిన యొక ప్రమాణము విధింపబడెను. అది 1967 వరకు అమలులో నుండెను. ఆ కాలమున ఖండింపబడిన బోధలు కొన్ని నిజముగా క్రైస్తవ విశ్వాసపు మూలమునే పెకలించునవి యని శ్రీసభ తలంచుటకు కారణములు గలవు. కాని దానిమాటున రహస్యముగా తోటివారిపై నివేదికలు పంపు పని యొకటి బయలుదేరెను. ఉంబెర్తో బెనీఞి యను గురువు 1909లో దీనికొక రహస్య సంఘమునే స్థాపించెను. అనుమానింపబడినవానికి తన్ను అనుమానించినవా డెవ్వడో తెలియదు. తా నన్న యే మాట తప్పో తెలియదు.

పదునైదవ బెనెడిక్టు పోపు 1914 నవంబరులో తన మొదటి లేఖయందే యీ దురాచారమునకు అడ్డు చెప్పెను. రోము పీఠము తీర్పు చెప్పని విషయములలో ఉభయపక్షములవారును మర్యాదతో వాదించుకొనవచ్చుననియు, కేవలము తన యభిప్రాయమునకు విరుద్ధముగా మాటాడెనను కారణముచేత నొకనిని విశ్వాసహీనుడని నిందించుట కెవ్వరికిని అధికారము లేదనియు ఆయన బోధించెను. బెనీఞి సంఘము 1921లో మూతపడెను. ఈ లేఖ వెలువడి శతాబ్దమునకు పైబడినది. అయినను మన కథలోని గృహస్థువంటివారికి దాని సంగతి నేటికిని క్రొత్తగానే యున్నది.

అది కొందరు పెద్దలకును క్రొత్తగానే యుండెనని తరువాతి చరిత్రము చూపుచున్నది. ఫ్రాన్సు దేశపు లియోను నగరమున హెన్రీ ద లుబాక్ అను యేసు సభ పండితుడు 1946లో ప్రకృతికిని దైవకృపకును గల సంబంధమును గూర్చి యొక గ్రంథమును వ్రాసెను. ఆయన వాదము క్రొత్తది గాక, ప్రాచీన పితరుల వాదమే యని ఆయన నమ్మకము. నడిమికాలపు వ్యాఖ్యాతలే దారి తప్పిరని ఆయన చెప్పెను. 1950లో నాయన బోధించుట నిలుపవలసివచ్చెను. ఆయన గ్రంథములు కొన్ని సభ గ్రంథాలయములనుండి తొలగింపబడెను. ఆ యాగస్టు 12వ తేదీన పండ్రెండవ పయసు పోపు నవీన మార్గములను గూర్చి హెచ్చరించుచు నొక లేఖ ప్రకటించెను. అందెవ్వరి పేరును లేదు. పేరు లేకపోవుటచేత ఎవరికి తోచిన పేరును వారు దానియందు చదువుకొనిరి. తన్నెవ్వరును పిలిచి ప్రశ్నింపలేదనియు, తన తప్పేమియో తనకు తెలుపలేదనియు ద లుబాక్ తరువాత వ్రాసికొనెను. ఇట్టి స్థితిలో నుండియు ఆయన 1953లో ప్రకటించిన గ్రంథము శ్రీసభయెడల ప్రేమతో నిండినది.

దోమినికు సభకు చెందిన ఈవ్ కొంగారు కథ యింతకన్న కఠినమైనది. శ్రీసభలో మంచి సంస్కరణ మేది, చెడ్డ సంస్కరణ మేది యను విషయమున ఆయన 1950లో పెద్దగ్రంథము వ్రాసెను. సంస్కర్త తన సమాజమునుండి విడిపోక, దానియం దోర్పుతో నుండి, దాని మూలములకు మరలి దానిని బాగుచేయవలెనని అందలి సారము. దాని మరుముద్రణమును, అనువాదములును ఆపివేయబడెను. 1954 ఫిబ్రవరిలో ఆయనను, మరి కొందరిని ప్యారిసు సమీపముననున్న తమ విద్యాలయమునుండి తొలగించిరి. ఆయన యెరూషలేమునకును, రోమునకును, కేంబ్రిడ్జికిని పంపబడి, 1956 చివర స్ట్రాస్‌బర్గు చేరెను. కేంబ్రిడ్జినుండి తన ముదుసలి తల్లికి వ్రాసిన లేఖలో, తనను దేనియందు నమ్మి జీవించెనో దానికంతటికి దూరముచేసి, దాదాపు నాశనము చేసిరని ఆయన మొరపెట్టుకొనెను. అయినను సభను విడువలేదు.

ఇరువదిమూడవ యోహాను పోపు రెండవ వాటికను మహాసభను పిలిచినప్పుడు వీరిరువురును పండితులుగా రోమునకు పిలువబడిరి. ఆ సభ 1962 అక్టోబరు 11 మొదలు 1965 డిసెంబరు 8 వరకు జరిగెను. దాని శాసనములలో ననేకమునందు కొంగారు చేయి గలదు. మతస్వాతంత్ర్యమును గూర్చి వ్రాయవలదని 1955లో నిలుపబడిన అమెరికా దేశపు జాన్ కోర్ట్నీ మర్రే గూడ ఆ సభలో మతస్వాతంత్ర్య శాసన రచనకు తోడ్పడెను. ద లుబాక్ 1983లోను, కొంగారు 1994లోను కార్డినలులైరి.

ఈ మహాసభలోనే మా వ్యాసమునకు ముఖ్యమైన ఘట్టము జరిగెను. 1963 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశములోని కొలోను అగ్రపీఠాధిపతియైన కార్డినలు ఫ్రింగ్సు లేచి, పవిత్ర కార్యాలయమను పేర విశ్వాసరక్షణ చేయుచుండిన సంస్థయొక్క విచారణపద్ధతి యీ కాలమునకు తగినది కాదనియు, భక్తులకు హానికరమనియు చెప్పెను. ఎవ్వరినైనను ముందుగా విని, వారిమీది ఆరోపణములను వారికి తెలిపి, సమాధానము చెప్పుకొను నవకాశ మీయక ఖండింపరాదని ఆయన కోరెను. సభలో హర్షధ్వానములు చెలరేగెను. ఆ కార్యాలయమునకు పెద్దయైన కార్డినలు ఒట్టవియాని నాడే లేచి, కంపించు స్వరముతో దానికి ప్రతివాదము చెప్పెను. ఫ్రింగ్సు చూపు మందగించిన వృద్ధుడు. ఆయనకు సలహాదారుడుగా నుండిన యువపండితుని పేరు యోసెఫు రాట్సింగరు. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొన కోరుచున్నాము.

రెండు సంవత్సరములలోనే ఫలము కనబడెను. 1965 డిసెంబరు 7వ తేదీన ఆరవ పౌలు పోపు ఆ కార్యాలయమునకు పేరును, పద్ధతిని మార్చెను. గ్రంథకర్తకు చెప్పుకొను నవకాశ మొసగినగాని గ్రంథమును ఖండింపరాదను నియమ మేర్పడెను. 1559 నుండి వచ్చుచుండిన నిషిద్ధ గ్రంథపట్టిక 1966లో శాసనబలమును కోల్పోయెను. ఇదియే కాలమున మరియొక మార్పును కలిగెను. 1963 డిసెంబరు 4 నాటి యారాధన శాసనము, ఆదివారములందు జనముతో జరుగు పూజలలో ప్రసంగమును తగిన కారణము లేక మానరాదని విధించి, దేశభాషలకును ఆరాధనలో చోటు నొసగెను. అంతవరకు పండితుల గదులలో లాటిను భాషలో వినబడుచుండిన పేరులు క్రమముగా సామాన్య గృహస్థుల చెవులను సోకుట కారంభించెను. పాఠశాలలో బోధకు డొక పేరు చెప్పినచో విద్యార్థి లేచి ప్రశ్నింపవచ్చును. దేవాలయములో వినువాడు చేయెత్తి యడుగుట మర్యాద కాదు. కావున ప్రసంగములో నొక పేరు చెప్పుట తరగతిలో చెప్పుటకన్న బరువైన పని.

ఇంతవరకు మేము చెప్పినది విని మన యువకుడు సంతసించును. కాని చరిత్రముయొక్క రెండవ ప్రక్కను గూడ చూపక విడిచినచో మేము న్యాయము చేసినవారము కాము. ఖండింపబడినవా రెల్లరును ద లుబాకులు కారు. ఆల్ఫ్రెడు లువాసీ యను ఫ్రెంచి పండితుడు 1908లో వెలివేయబడెను. ఆయన తరువాతి గ్రంథములను చూచినచో, ఆయన క్రైస్తవ విశ్వాసమునుండియే బహుదూరము పోయెనని స్పష్టమగును. 1940లో మరణించువరకు ఆయన మరల రాలేదు. హాన్స్ క్యుంగు మరియొక విధమైన యుదాహరణము. పోపుయొక్క తప్పిపోని బోధనాధికారమును ప్రశ్నించుచు ఆయన 1970లో గ్రంథము వ్రాసెను. బహుకాలపు ఉత్తరప్రత్యుత్తరముల తరువాత 1979 డిసెంబరులో, ఆయనను కతోలిక దైవశాస్త్రజ్ఞుడుగా నెన్నరాదని రోము ప్రకటించెను. కాని ఆయన వెలివేయబడలేదు. 2021లో మరణించువరకు గురువుగానే యుండెను. మనము పైన చెప్పుకొన్న మెట్లవరుస నిచట జ్ఞాపకము తెచ్చుకొనవలెను. ఆయన పేరు విన్నంతనే పాషండుడనుట యెంత తప్పో, రేపో మాపో పునీతుడగునని యనుటయు నంతే తప్పు. అక్వినాసు పునీతు డైనది ఖండింపబడుటవలన కాదు. ఆయన మాటలు విచారణకు నిలిచినందువలన.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. జాక్ డ్యుపుయి బెల్జియము దేశమున పుట్టి, 1948 మొదలు 1984 వరకు భారతదేశమున నివసించి బోధించిన యేసు సభ పండితుడు. హిందువుల నడుమ, మహమ్మదీయుల నడుమ గడపిన యా దీర్ఘకాలమే, ఇతర మతములకు దైవసంకల్పములో చోటేమి యను ప్రశ్నను ఆయన ముందుంచెను. రోములో బోధించుచు 1997లో నీ విషయమున పెద్దగ్రంథము ప్రకటించెను. మరుసటి యేడు విచారణ మారంభమయ్యెను. వియన్నా నగరపు వృద్ధ కార్డినలు క్యోనిగు ఆయన పక్షమున బహిరంగముగా వ్రాసెను. తొలి ముసాయిదాలో గ్రంథమునకు దోషము లారోపింపబడెను. 2000 సెప్టెంబరులో డ్యుపుయిని పిలిచి, ఆయనను, ఆయనకు తోడుగా వచ్చిన పండితుని వినినపిదప, 2001లో ప్రకటింపబడిన తుదితీర్పులో ఆ మాట మారెను. గ్రంథములో చదువరిని తప్పుత్రోవకు త్రిప్పగల అస్పష్టతలు గలవని మాత్రమే చెప్పబడెను. 1963లో ఫ్రింగ్సు కోరినది యెందులకో యిచట తెలియుచున్నది. ఎదుట కూర్చుండబెట్టి వినుటవలన దోషమను మాట అస్పష్టతయను మాటగా తగ్గెను. ఒక వృద్ధపండితుని జీవితమున నది చిన్న భేదము కాదు. అయినను ఆ మూడేండ్ల విచారణము ఆయనను కృంగదీసెను. 2004లో నాయన మృతినొందెను.

డిమెల్లో విషయము భిన్నమైనది. ఆయన 1931లో బొంబాయిలో జన్మించి, యేసు సభలో చేరి, ధ్యానమార్గమును బోధించుటలో ప్రసిద్ధుడై, 1987లో న్యూయార్కు నగరమున మరణించెను. సూఫీల కథలు, బౌద్ధుల కథలు, ఉపనిషత్తుల దేశపు కథలు, క్రైస్తవ ఋషుల కథలు కలిపి ఆయన చెప్పినవి అనేక దేశములలో ప్రసంగములకు సామగ్రియయ్యెను. 1998 జూన్ 24వ తేదీగల ప్రకటనలో రోము చెప్పిన దేమనగా, ఆయన తొలి గ్రంథములు క్రైస్తవ సాధనమార్గపు హద్దులలోనే యుండెను. తరువాతివానిలో క్రమముగా దేవుడు వ్యక్తిత్వము లేని తత్త్వముగాను, యేసు పలువురు గురువులలో నొకడుగాను కనబడుచున్నాడు. ఇట్టి భావములు కతోలిక విశ్వాసమునకు పొసగవు. ఆ ప్రకటన వెలువడునప్పటికి గ్రంథకర్త చనిపోయి పదునొకండు సంవత్సరములైనది. ఆయన పేర వచ్చిన గ్రంథములలో కొన్ని ఆయన మరణానంతరము ఉపన్యాసముల ప్రతులనుండి కూర్చబడినవి. చనిపోయినవానిని విని తీర్పు చెప్పుట యసాధ్యము. అందుచేత నిట్టి తీర్పును గ్రంథములలోని భావములపై తీర్పుగానే గ్రహింపవలెను గాని, మనుష్యుని హృదయముపై తీర్పుగా గ్రహింపరాదు.

ఆ ప్రకటనపై సంతకము చేసినవాడు కార్డినలు రాట్సింగరు. 1963లో విచారణపద్ధతిని మార్చుడని కోరిన ఫ్రింగ్సు ప్రక్కన నిలిచిన యువకుడే 1981 మొదలు ఆ కార్యాలయమునకు పెద్దయయ్యెను. దీనినిబట్టి కొందరాయనను మాట తప్పినవాడనిరి. మా యభిప్రాయమున విషయ మంత సులభము కాదు. కనిపెట్టువాడు లేని విశ్వాసము చెదరిపోవును. విననివాడు కనిపెట్టుచో నిర్దోషులు నలిగిపోవుదురు. ఒకే మనుష్యుడు ఈ రెండు సత్యములకును జీవితములో వేర్వేరు కాలములయందు కట్టుబడవలసివచ్చెను.

ఆయనయే పదునారవ బెనెడిక్టు పోపైనపిదప జరిగిన యొక సంగతిని చెప్పి మా వాదమును ముగింతుము. తెయ్యార్ ద షార్దాన్ అను ఫ్రెంచి యేసు సభ గురువు భూగర్భశాస్త్రవేత్త. చైనాలో బహుకాల ముండి ప్రాచీన మానవుని యెముకలను పరిశోధించినవారిలో నొకడు. సృష్టి క్రమపరిణామము క్రీస్తునందు పరిపూర్ణత నొందునని ఆయన భావము. జీవించియుండగా ఆ గ్రంథములను ప్రకటించుటకు అనుమతి దొరకలేదు. 1955లో ఆయన మరణించిన పిమ్మట నవి వెలువడి లోకమంతట చదువబడెను. 1962 జూన్ 30వ తేదీన, వానిలో అస్పష్టతలును, తీవ్రమైన పొరపాట్లును గలవని రోము హెచ్చరించెను. ఏ వాక్యమో చెప్పలేదు, పాషండమనియు అనలేదు. 1981లో ఆయన శతజయంతికి రోమునుండి ప్రశంసాపూర్వకమైన లేఖ యొకటి వచ్చినప్పుడు, ఆ లేఖ పూర్వపు హెచ్చరికను సవరించునది కాదని వెంటనే ప్రకటింపబడెను. అట్టి గ్రంథకర్తను, 2009 జూలై 24వ తేదీన ఇటలీ దేశపు అవోస్తా దేవాలయమునందు సాయంకాల ప్రార్థనలో ప్రసంగించుచు, పోపే పేరుపెట్టి స్మరించెను. లోకమంతయు దేవునికి సజీవమైన నైవేద్యమగునను భావము తెయ్యారుయొక్క గొప్ప దర్శనమని ఆయన చెప్పెను.

హెచ్చరిక యప్పటికి రద్దు కాలేదు. పోపు దానిని మరచెనని తలంచుట కవకాశము లేదు. ఆ హెచ్చరికను కాపాడవలసిన కార్యాలయమునకు ఆయనయే యిరువది మూడేండ్లకు పైగా పెద్దగా నుండెను. ఆయన చేసినదేమి? రోమీయులకు పౌలు వ్రాసిన లేఖలోని మాటను వివరించుచు, తన వాక్యములతో నొక భావమును చెప్పి, దానికి తాను బాధ్యుడై, ఆ భావమును మరియొకనివలన గ్రహించితినని ఋణమును చెప్పుకొనెను. ఆ గ్రంథకర్త వ్రాసినదంతయు ఒప్పనలేదు. మాట నిలుచుట పేరుమీద కాదు, మాటమీదనే. మా కిదియే ఉత్తమమైన మార్గమని తోచుచున్నది.

కావున ప్రసంగించు గురువులకు మా మనవి యిది. పేరును డాలుగాను వాడవలదు, అలంకారముగాను వాడవలదు. చెప్పదలచినదానిని స్వంతమాటలలో చెప్పి, విశ్వాససంగ్రహముతో పొసగునో లేదో మీరే ముందుగా చూచుకొనుడు. పండితుల నడుమ వివాదముననున్న యభిప్రాయమును శ్రీసభ బోధగా చూపవలదు; అభిప్రాయమని చెప్పి చూపుడు. వినువాడు అడుగలేడు గనుక మీరే యడుగవలసిన ప్రశ్నను వేసికొనవలెను.

వినువారికి మా మనవి యిది. ఇంటికి పోయి గ్రంథకర్త జాతకమును వెదకుటకన్న ముందు, గురువు చెప్పిన మాట యేమో జ్ఞాపకము తెచ్చుకొనుడు. యేసు సభ స్థాపకుడైన ఇగ్నేషియసు తన సాధనగ్రంథపు ప్రారంభముననే, పొరుగువాని మాటకు తప్పర్థమునకంటె మంచియర్థము చెప్పుటకు సిద్ధపడవలెననియు, అట్లు కుదరనిచో వాని యుద్దేశ మడుగవలెననియు, తప్పైనచో ప్రేమతో దిద్దవలెననియు విధించెను. సందేహము గలిగినచో గురువునే యడుగుడు. తమ యభిప్రాయమును పెద్దలకు తెలుపుకొను హక్కు భక్తులకు గలదని 212వ సూత్రము చెప్పుచున్నది. అదే గ్రంథమున 220వ సూత్రము, ఒకని మంచిపేరునకు అన్యాయముగా హాని చేయుట కెవ్వరికిని అధికారము లేదనుచున్నది. ఈ రెండు సూత్రములను కలిపి చదువవలెను. మొదటిది నోరు తెరుచుటకు ధైర్య మిచ్చును. రెండవది దానిని హద్దులో నుంచును.

మన గృహస్థు మరునాడు గురువునొద్దకు పోయి, "అయ్యా, ఆ కథవలన మేము గ్రహింపవలసిన దేమి?" యని యడిగినచో, గురువు సమాధానము చెప్పును. ఆ సమాధానము విశ్వాసమునకు పొసగినచో కథ మంచిదే. పొసగనిచో గురువు దిద్దుకొనును. అప్పు డాయిద్దరికిని డిమెల్లో పేరుతో పనియుండదు. కొంగారునకు తన తల్లికట్టి లేఖ వ్రాయవలసిన యవసరము కలుగకుండుటకు గూడ ఆ యొక్క ప్రశ్నయే చాలియుండెడిది. దాని నాయన నెవ్వరును అడుగలేదు.